తైవానమ్మ జాడీ

మా వంటింటి వెనక, బట్టలుతికే మిషను పక్కన, మూత బిగించిన నీలం ప్లాస్టిక్ బకెట్ ఒకటి ఈమధ్య దాకా కూర్చుని ఉండేది. అది వచ్చినప్పటినుంచి మా అమ్మాయి కూతురు షామిని వెనక తలుపు వైపు రావడం మానేసింది. నా దగ్గరే ఉండి ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల. ఇంట్లో మిషను పెట్టుకుని, బట్టలు మూటగట్టి వీధి చివర లాండ్రీకి మోసుకెళ్ళేది. పక్కింటి మలాయావిడ మర్యాదస్తురాలు. నేరుగా అడగలేక, మీ ఇంట్లో డ్రైనేజీ ఏమైనా పొంగిందా అక్కా, మా ఆయనకి తెలిసిన మనిషి ఉన్నాడు, పంపిస్తాడు అంది. పొంగలేదమ్మా, చుట్టమొచ్చింది, కొన్నాళ్ళుండి వెళ్ళిపోతుంది అన్నాను. ఆవిడ బకెట్ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, చుట్టం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ బకెట్ తెచ్చినవాడు వెయ్, తైవానమ్మ మనవడు. మలేషియాలో మా ఊరు సుంగై పెటానిలో పాత బస్టాండు వెనకాల వాళ్ళ మామ్మ పెట్టిన తినుబండారాల బండిని ఇప్పుడు నడిపేది అతనే. పెళ్ళయినవాడు, ఒక బిడ్డ తండ్రి. తైవానమ్మ పోయిన మర్నాడు, చొక్కా చేతికి నల్ల గుడ్డముక్క గుచ్చుకుని, బకెట్‌ని రెండు చేతులతో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. వాళ్ళు మామ్మని ఆమా అంటారు. ఆమా చెప్పింది ఆంటీ అన్నాడు. తను పోతే జాడీలోంచి కొంచెం తీసి మీ ఇంట్లో దాచాలంట, మా ఇంట్లో కర్మలన్నీ అయ్యాక నేనొచ్చి పట్టుకెళ్ళాలంట, జాడీకి అది ఆచారమంట. చెప్పిందంతా చెప్పి, గొంతు తగ్గించి అడిగాడు: "మా నాన్న తైవాన్‌లో ఇలాంటిది ఉన్నట్టు ఎప్పుడూ వినలేదంటున్నాడు. నిజంగా ఉందా ఆంటీ?"

ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. "తైవాన్‌లో ఎక్కడుంటుంది నాయనా. అది మా విజయనగరం వైపు ఆచారం."

విజయనగరం ఆచారం తైవాన్ జాడీలోకి ఎలా వెళ్ళిందో చెప్పాలంటే ముందు మా మామ్మ తరవాణి కుండ సంగతి చెప్పాలి. మామ్మ అంటే మా నాన్నకి అమ్మ. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళు కుండలో పోసి పులియబెడితే తరవాణి అవుతుంది. రాత్రి మిగిలిన అన్నం అందులో వేసి, పొద్దున్నే కాసింత ఉప్పు, పచ్చిమిరపకాయ, చిదిమిన నిమ్మాకు వేసుకుని తింటే, రబ్బరు చెట్లు గీయడానికి వెళ్ళినవాళ్ళకి ఎండ నెత్తికెక్కినా కళ్ళు తిరిగేవి కావు. ఆ కుండ ఎప్పుడూ ఖాళీ కాకూడదు. ఎంత తీస్తే అంత పొయ్యాలి. కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు చుట్టాల కుండలోంచి గరిటెడు తెచ్చుకుని మొదలుపెట్టాలి. మామ్మకి వాళ్ళ అత్తగారు ఇచ్చింది, ఆవిడకి విజయనగరం నుంచి ఓడలో వచ్చిన వాళ్ళ అత్తగారు ఇచ్చింది. ఇంట్లో ఎవరైనా పోతే మైల కాబట్టి నిలవున్న నీళ్ళు, వండినవి అన్నీ పారబోసి, మట్టికుండలు పగలగొట్టేవాళ్ళు. కానీ తరవాణి మాత్రం ఒక గరిటెడు ముందే తీసి మైల లేని ఇంట్లో దాచి, పెద్దకర్మ అయ్యాక తెచ్చి కొత్త కుండలో పోసుకునేవాళ్ళు. సచ్చినోడితో పాటు తరవాణిని కూడా సంపేస్తామేటి అనేది మామ్మ. మేం కూలి చేసే రబ్బరు తోటని యజమానులు అమ్మేసి మమ్మల్ని పంపించేసినప్పుడు, అందరూ లారీలో మంచాలూ కోళ్ళ గంపలూ ఎక్కిస్తుంటే, మామ్మ కుండ ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు పక్కన కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా ఆ పులుపు నీళ్ళు డ్రైవరు పంట్లాం మీద పడేవి. సుంగై పెటాని బస్తీ చేరేసరికి ఆయన నుంచి కూడా మా వంటింటి వాసనే వస్తోంది.

బస్తీలో, బస్టాండు వెనకాల, మామ్మ గారెల బండి పెట్టింది. నా చదువు మూడో క్లాసుతో సరి, అక్కణ్ణించి పప్పు రుబ్బడమే నా చదువు. మా పక్క బండి తైవానమ్మది. అసలు పేరు మేహ్వా. సరుకు లారీ తోలే ఆసెంగ్ అనే ఇక్కడి చీనా ఆయన్ని చేసుకుని తైవాన్ నుంచి వచ్చింది. సన్నగా, గట్టిగా, ఎప్పుడూ తడిచేతులతో ఉండేది. ఉల్లికాడలు కలిపిన పిండిని పొరలుపొరలుగా వత్తి కాల్చే రొట్టె, సముద్రపు గుల్లలు వేసిన గుడ్డట్టు, మిరియాల పొడి చల్లిన కోడి వేపుడు, ఇవి ఎవరికైనా నోరూరించేవే. పేచీ అంతా టోఫుతో. టోఫు అంటే సోయా పాలు విరగ్గొట్టి చేసే జున్ను లాంటి ముక్క. దాన్ని ఆవిడ ఒక పెద్ద జాడీలో, ఆకులూ ఎండురొయ్యలూ కుళ్ళిన నీళ్ళలో నానబెట్టి, తీసి నూనెలో వేయించేది. ఆ కంపు ఎలా ఉండేదంటే, తడిసిన మేజోళ్ళు, ఎండు చేప, పసిపిల్లాడి పక్కబట్ట మూడూ ఒకే సంచిలో మూటగట్టి ఎండలో మరిచిపోయినట్టు ఉండేది. మలాయిలో బుసుక్ అంటే కంపు. బస్టాండులో జనం ఆ బండిని బుసుక్ బండి అనే పిలిచేవాళ్ళు, దానికోసమే ఊళ్ళు దాటి వచ్చేవాళ్ళు. మా గారెలకి వచ్చినవాళ్ళు మాత్రం ముక్కు మూసుకుని, నోటితో తినాలో గాలి పీల్చాలో తెలియక తికమకపడేవాళ్ళు.

మామ్మ ఊరుకునే మనిషి కాదు. రోజూ దీపాల వేళ మట్టిమూకుట్లో నిప్పులు వేసి, సాంబ్రాణి చల్లి, ఆ పొగని పక్క బండి మీదికి విసనకర్రతో తోసేది. తైవానమ్మ ఇది మావాళ్ళు ఇరుగుపొరుగుకి చేసే గౌరవమనుకుంది. పొగ వచ్చినప్పుడల్లా రెండు చేతులూ జోడించి, నడుం వంచి దణ్ణం పెట్టేది. నాలుగు రోజులయ్యాక పళ్ళెంలో కమలాపళ్ళు పేర్చి తెచ్చి మామ్మ చేతిలో పెట్టింది. మామ్మ ఆ పళ్ళు తింటూనే తిట్టింది. నాకు ఒక్క తొన కూడా పెట్టకుండా తిట్టింది.

వాళ్ళిద్దరినీ కలిపింది బియ్యం కడిగిన నీళ్ళు. ఎదురుగా ఒక అన్నం కొట్టు ఉండేది. పొద్దున్నే అక్కడ బియ్యం కడిగిన నీళ్ళకోసం మామ్మ ఒక బకెట్‌తో వెళ్ళేది, తైవానమ్మ ఇంకో బకెట్‌తో వచ్చేది. కొన్నాళ్ళు బకెట్లు పోట్లాడుకున్నాయి. ఆ తర్వాత మొదటి కడుగు ఒకరికి, రెండో కడుగు ఒకరికి అని ఒప్పందమైంది. బస్టాండులో అందరిలాగే తైవానమ్మ కూడా మామ్మని తమిళంలో పాట్టీ అని పిలిచేది. ఒకరోజు ఆ వచ్చీరాని మలాయిలో, ఈ నీళ్ళేం చేస్తావు పాట్టీ అని అడిగింది. నాకో కుండుంది, దానికి పోస్తా అంది మామ్మ. తైవానమ్మ ముఖం వెలిగిపోయింది. నాకూ ఉంది, నేనూ పోస్తా అంది. మామ్మ అక్కడ నవ్వి, ఇంటికొచ్చి ముఖం మాడ్చుకుంది. "దాన్దీ నాదీ ఒకటేటే? నాది తరవాణి. దాన్ది మురుక్కాలవ." ఆ ఒక్క మాట మీద మాత్రం ఆవిడ రాజీపడలేదు. మిగతా అన్నిట్లో పడింది. ఉల్లికాడల రొట్టె రోజూ తినేది, తైవానమ్మకి చేయి కాలితే గంజి పూసేది, ఆసెంగ్ లారీ మీద వెళ్ళిన రాత్రులు ఆ పిల్లకి తోడు పడుకోమని నన్ను పంపేది.

ఒక వానాకాలం తైవాన్ నుంచి కబురొచ్చింది, తల్లికి బాగాలేదని. బయల్దేరే ముందు తైవానమ్మ మా బండి దగ్గరికి వచ్చి మామ్మ చేతులు పట్టుకుంది. జాడీ నీ చేతుల్లో పెడుతున్నాను పాట్టీ అంది. రోజూ ఇన్ని నీళ్ళు పొయ్యి, వెదురు కర్రతో కలుపు, ఎండ తగలనివ్వకు. తన పెళ్ళికి తల్లి తన జాడీలోంచి సీసాడు నింపి ఇచ్చిందని, ఇది దాన్నుంచే పెరిగిందని కూడా చెప్పింది. ఆ సీసాని చీరెల మధ్య చుట్టి తెచ్చుకున్నట్టు మా మామ్మ ఊహించుకుని నాకు చెప్పింది. తైవానమ్మ చీర కట్టదని నేనన్నాను. మరి దేంట్లో సుట్టుకుంటాదే అంది. ఏదయితేనేం, చెప్పిన పని తప్పకుండా చేశాం. రోజూ సాయంత్రం మామ్మా నేనూ ముక్కులకి తువ్వాళ్ళు కట్టుకుని, దొంగతనానికి వెళ్ళినట్టు వెళ్ళి, నేను నీళ్ళు పోస్తే ఆవిడ కలిపేది.

తర్వాత ఆసెంగ్ వచ్చి అత్తగారు పోయిందని చెప్పాడు. మామ్మ ఉన్నపళాన బండి పక్కన చతికిలబడి శోకం మొదలెట్టింది. ఎన్నడూ చూడని మనిషి కోసం, బస్టాండు మధ్యలో, రాగం తీసి, మాకు తప్ప ఎవరికీ అర్థంకాని తెలుగులో ఏడ్చింది. ఎంత మంచి పిల్లని కన్నావమ్మా, ఎంత దూరానికి ఇచ్చావమ్మా, వట్టి సేతులతో పంపకుండా ఎంత కంపు జాడీ ఇచ్చావమ్మా అని ఏడ్చింది. ఆసెంగ్ భయపడిపోయి ఆవిడకి సోడా కొనిచ్చాడు. ఏడుపయ్యాక మామ్మ కళ్ళు తుడుచుకుని, కొంగు బిగించింది. ఆడపిల్లకి పుట్టింటి చావైతే మూడు రోజులు మైల. మూడో రోజున నిలవున్నవన్నీ పారబోసి, గిన్నెలు తోమి, పసుపునీళ్ళు చల్లాలి. కలపమన్నాది గాని పారబొయ్యమన్నేదే మామ్మా అని నేను గొణిగాను. "ఆ పిల్లకిక్కడ ఎవరున్నారే? మైల నీళ్ళల్లోకి తిరిగొస్తాదా? పుట్టింటోళ్ళ పని నాను సెయ్యకపోతే ఎవుడు సేస్తాడు?" అంది. తరవాణికైతే గరిటెడు తీసి దాచే మనిషి. ఆ జాడీకి కూడా ఆ మర్యాద చెయ్యాలని ఆవిడకి తట్టలేదు, నాకూ తట్టలేదు. ముక్కుకి తువ్వాలు కట్టుకున్నవాళ్ళకి ఏం తడుతుంది.

జాడీ వంచి కాలవలో పోశాం. ఆ తర్వాత ఏమైందో బస్టాండు పాతకాపులు ఇప్పటికీ చెప్పుకుంటారు. మంగలి కొట్టు సగం గడ్డంతో ఉన్న మనిషిని లోపలే పెట్టి తలుపులు వేసుకుంది. ఊళ్ళో కుక్కలన్నీ వచ్చి కాలవ చుట్టూ పెళ్ళిభోజనానికి కూర్చున్నట్టు కూర్చున్నాయి. మున్సిపాలిటీ మనిషి ఒకాయన వచ్చి, శవం ఉందని ఫిర్యాదు వచ్చిందని బండ్ల కిందంతా వంగి వంగి వెతికాడు. ఇక్కడ ఎవరైనా చనిపోయారా అని మామ్మని అడిగాడు. అబద్ధం చెప్పే అలవాటు లేదు ఆవిడకి. "సనిపోయినారు. తైవాన్‌లో." ఆయన టోపీ తీసి తల గోక్కుని, తైవాన్ నుంచి కాలవ దారి ఉందేమోనన్నట్టు నీళ్ళలోకి చూసి వెళ్ళిపోయాడు. మామ్మ చేతికందిన వెదురు కర్రతో కుక్కల్ని తరిమి, ఆ కర్ర మా బండి కిందికి విసిరేసింది. ఆ తర్వాత జాడీని కొబ్బరిపీచుతో, బూడిదతో, చింతపండుతో తోమింది. పసుపు రాసి, చుట్టూ కుంకుమ బొట్లు పెట్టింది. పెళ్ళికూతురిలా ఉందే అని మురిసిపోయింది.

తైవానమ్మ తిరిగొచ్చినరోజు సంచి కూడా దించకుండా బండి దగ్గరికే వచ్చింది. తల్లి పోయిన గుర్తుగా జుట్టులో తెల్ల నూలుపోగు గుచ్చుకుని ఉంది. మామ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని జాడీ దగ్గరికి నడిపించి, చూడు అన్నట్టు పక్కకి జరిగింది. తైవానమ్మ మూత తీసింది. లోపలికి వంగింది. తల జాడీలో పెట్టి వాసన చూసింది. తల పైకెత్తి, కోపంగా కూడా కాదు, తప్పిపోయిన పిల్ల అడిగినట్టు అడిగింది.

"పాట్టీ, మా అమ్మ ఏది?"

తైవాన్‌లో తల్లి జాడీని అన్న అమ్మేశాడట. తల్లి మంచాన పడగానే, ఆ నీళ్ళు పారబోసి మరీ అమ్మేశాడట. తల్లి చేతిది ఇదొక్కటే మిగిలిందని దారంతా అనుకుంటూ వచ్చిందట. నేను విన్నదంతా తెలుగులో చెబుతుంటే మామ్మ నేలమీద కూర్చుండిపోయింది. "ఓలమ్మా," అంది. "అది తరవాణేటే."

ఆ తర్వాత రోజులు నాకు బాగా గుర్తు. తైవానమ్మ రొట్టెలూ అట్లూ మాత్రమే వేసేది. టోఫు కోసం వచ్చినవాళ్ళకి లేదని తల ఊపేది. ఊళ్ళు దాటి వచ్చేవాళ్ళు రావడం మానేశారు. బండి తీసేసి మొగుడితో లారీలో తిరుగుతానంటోందని ఆసెంగ్ మాకు చెప్పి బాధపడ్డాడు. ఆవిడ మా మీద ఒక్క మాట తూలలేదు, అదే మాకు కష్టంగా ఉండేది. మామ్మ సాంబ్రాణి ఆపేసింది. పొద్దున్న తరవాణి అన్నం ముందు పెడితే, కడుపులో బాగోలేదని పక్కకి తోసేది. కంపు లేని బస్టాండులో మా గారెలకి గిరాకీ పెరిగింది. ఆ గిరాకీని చూసి మామ్మకి ఇంకా సిగ్గేసేది. ఎక్కువ కొన్నవాళ్ళని తిట్టేది.

అప్పుడు కుక్కే మమ్మల్ని ఆదుకుంది. కాలవ విందు మరిచిపోలేని ఒక నల్ల కుక్క మళ్ళీ వచ్చి, మా బండి కింద దూరి ఏదో నాకుతోంది. మామ్మ కింద చెయ్యి పెట్టి ఆ వెదురు కర్ర లాగి, దాని వెంటపడింది. కుక్క తైవానమ్మ బండి చుట్టూ తిరిగింది, మామ్మ కుక్క చుట్టూ తిరిగింది. కర్ర తైవానమ్మ ముఖం ముందునుంచి వెళ్ళింది. ఆవిడ చటుక్కున కర్ర పట్టుకుంది. కొడతాదేమోనని నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి కర్ర ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తోంది. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళలో నానిన కర్ర. మామ్మ తోమని వస్తువు ఆ బండి మొత్తంలో అదొక్కటే. కుక్కలు నాకినా కంపు పోలేదు. తైవానమ్మ దాన్ని పసిబిడ్డలా భుజాన వేసుకుని ఏడ్చింది.

మామ్మ ఇంటికి నడిచి వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు ఆవిడ నెత్తిమీద తరవాణి కుండ ఉంది. కులంవాళ్ళకి, చుట్టాలకి తప్ప గరిటె ముంచనివ్వని కుండ. ఒక గరిటెడు కాదు, సగం పోసింది జాడీలో. ఆ కర్రని తైవానమ్మ అందులో నిలబెట్టింది. ఆకులు వేసింది, రొయ్యలు వేసింది, మూత పెట్టింది. ఇద్దరూ జాడీకి చెరో పక్కన కూర్చున్నారు, పురిటిగది బయట కూర్చున్నట్టు.

కష్టం ఏంటంటే, అది కంపు కొట్టడానికి ఒప్పుకోలేదు. రోజూ సాయంత్రం మామ్మ తువ్వాలు లేకుండా వెళ్ళి, మూత తీసి, ముక్కు పెట్టి చూసేది. "ఇంకా నేదు," అని మూత వేసేది. మొదటిసారి టోఫు వేయించినప్పుడు, ప్రతి శనివారం వచ్చే ఒక ముసలి చీనా మాస్టారు పళ్ళెం వాసన చూసి, బుసుక్ తక్కువ అని పెదవి విరిచాడు. మా తరవాణినే అంటాడా అని మామ్మకి ఎక్కడ లేని రోషం వచ్చింది. కొన్ని రొయ్యలు తనే కొని తెచ్చి వేసింది. జాడీ దగ్గర కూర్చుని, సరిగ్గా కుళ్ళమని బతిమాలింది. చివరికి ఒక సాయంత్రం, మా బండి దగ్గర గారెలు తింటున్న నలుగురూ ఒక్కసారిగా ముక్కులు మూసుకుని, పళ్ళేలు అక్కడే పెట్టి లేచిపోయారు. మామ్మ రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టి, ఆ రోజు మిగిలిన గారెలన్నీ బస్టాండులో కనిపించినవాళ్ళందరికీ ఊరికే పంచింది. శనివారం మాస్టారు వచ్చి తిని, పాతదానికంటే కాస్త పులుపు ఎక్కువ, బాగుంది అన్నాడు. ఆ పులుపు ఎక్కడిదో మేము చెప్పలేదు.

మామ్మ పోయినప్పుడు గరిటెడు తరవాణి దాచడానికి మాకు ఇల్లు దొరకలేదు. ఊళ్ళో తెలుగువాళ్ళందరూ చుట్టాలే, అందరికీ మైలే. చెంబులో పోసి నేనే తైవానమ్మ ఇంటికి పట్టుకెళ్ళాను, ఆచారం ఇలా అని చెప్పాను. ఆవిడ చెంబుని తల్లి ఫోటో పక్కన పెట్టింది. పెద్దకర్మ అయ్యింది. ఈలోగా మేము వరస ఇళ్ళలో ఒకదానికి మారాం. గ్యాసు పొయ్యి వచ్చింది, రైస్ కుక్కరు వచ్చింది. కుక్కరు అన్నం వార్చదు, గంజి ఇవ్వదు. ఇక కుండకి ఏం పోస్తామే, అక్కడే ఉండనీ అంది మా అమ్మ. తైవానమ్మ చాలాకాలం ఆ చెంబుకి నీళ్ళు పోస్తూ ఎదురుచూసి, ఒకరోజు నన్ను పిలిచి, మీ పాట్టిని మా అమ్మ దగ్గరే పెట్టేశాను పైడీ అంది. జాడీ వైపు చూపించి, ఖాళీ చెంబు నా చేతిలో పెట్టింది. మా పెద్దవాళ్ళు ఓడలో తెచ్చిన తరవాణి అలా ఇంకెక్కడా లేకుండా పోయి, ఆ జాడీలో మిగిలింది. ఇప్పుడు ఆ బండి మీద అసలైన తైవాన్ రుచి అని దీపాల బోర్డు వెలుగుతుంటుంది. షామిని వయసు పిల్లలు వరసలో నిలబడి, కొరికే ముందు ఫోన్లతో ఫోటోలు తీసుకుంటారు. వాళ్ళకి కంపు కూడా సరదాయే. మాకు రోజూ పొద్దున్న ఆకలి తీర్చిన పులుపు వాళ్ళకి సాయంత్రం షికారయ్యింది. నాకు కోపం లేదు. నేనూ వరసలో నిలబడే తింటాను.

తైవానమ్మ కర్మలన్నీ అయ్యాక వెయ్ వచ్చాడు. బకెట్ అప్పజెప్పాను. రోజూ బియ్యం నీళ్ళు పోశాను, కలిపాను, ఎండ తగలనివ్వలేదు అని చెప్పాను. అతను మూత తీసి, కళ్ళు మూసుకుని వాసన చూసి, ఒక గిన్నె ఉందా ఆంటీ అని అడిగాడు. ఎందుకన్నాను. "అంతా పట్టుకురావద్దంది ఆమా. గరిటెడు ఇక్కడే వదిలెయ్యమంది. ఇది మీదేనంట." లోపలికి వెళ్ళి వెతికితే, అటకమీద అదే పాత చెంబు దొరికింది. అతను గరిటె నింపి, ఒక్క చుక్క కింద పడకుండా పోశాడు.

ఆ రోజునుంచి నేను గిన్నెలో అన్నం వండి గంజి వారుస్తున్నాను. కుక్కరు పాడైందనుకుని షామిని ఫోన్లో కొత్తది ఆర్డరు పెట్టింది. వచ్చినదాన్ని అట్టపెట్టె విప్పకుండా అటకెక్కించాను. చెంబు నిండితే చిన్న మట్టికుండ తెచ్చి అందులోకి మార్చాను. రొయ్యలూ ఆకులూ లేవు, గంజీ నిమ్మాకులే. రోజురోజుకీ కంపు దిగుతోంది. ఈ పొద్దున్న షామిని బట్టల బుట్ట చంకలో పెట్టుకుని వెనక తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు దానికి, మాట చివర ఇక్కడివాళ్ళ లా ఒకటి తోక తగిలిస్తుంది. ముక్కు ఎగబీల్చింది, ఇంకోసారి ఎగబీల్చింది.

"అమ్మమ్మా, బుసుక్ తక్కువ లా."

కుండ మూత తీసి, వంగి, తరవాణి వాసన కోసం ముక్కు పెట్టి చూశాను.

"ఇంకా నేదు," అన్నాను.